తింటున్నప్పుడు గుర్రుమనే కుక్క

"అన్నం పెట్టిన చేతినే కరవబోయింది." కుక్కను పెంచుకునే ఇంట్లో ఈ మాట అనాల్సి వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ మనసు విరిగిపోతుంది. కళ్ళు తెరవని పిల్లగా తెచ్చి, దూదితో పాలు పట్టి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన కుక్క ఒకనాడు పెరుగన్నం గిన్నె మీదికి వంగి, దగ్గరికొచ్చిన మనిషిని చూసి గొంతు లోపలి నుంచి గుర్రుమంటుంది. మన మీదే పళ్ళు ఇకిలిస్తుంది. విశ్వాసానికి మారుపేరని చిన్నప్పటి నుంచి విన్న ప్రాణి మనల్ని దొంగని చూసినట్టు చూస్తుంటే తట్టుకోవడం కష్టం. ఆ బాధలోంచి కోపం పుడుతుంది. కోపంతో చెయ్యి కర్ర అందుకుంటుంది. ఆ కర్ర అందుకోక ముందు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. తిండి దగ్గర గుర్రుమనే కుక్కకి మన మీద ద్వేషం లేదు. దానికి ఉన్నది భయం. నోటి దగ్గరిది పోతుందేమోనన్న భయం. మన ఇళ్ళలో తింటున్న మనిషిని విస్తరి ముందు నుంచి లేపకూడదంటారు. ఎంత పగవాడైనా అన్నం కలుపుకున్నాక కదపరు. అలా లేపితే ఆ మనిషికి ఎలా ఉంటుందో, సగం తిన్న గిన్నెని మనం లాగేస్తే కుక్కకి అలాగే ఉంటుంది. మనిషి నోటితో అడుగుతాడు, కుక్క గొంతుతో అడుగుతుంది.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మన ఇళ్ళలో పెరుగుతున్న చాలా కుక్కలు వీధిలో పుట్టినవే. ఒక ఈతకు ఆరేడు పిల్లలు పుడతాయి. తల్లి ఎండిపోయి ఉంటుంది, పాలు అందరికీ చాలవు. నడక రాకముందే పాల కోసం తోపులాట మొదలవుతుంది. నెల దాటేసరికి కల్యాణమండపం వెనక పారేసిన ఎంగిలి విస్తళ్ళ దగ్గరికి తల్లి వెంట వెళ్తాయి. అక్కడ పెద్ద కుక్కలుంటాయి. గబగబా మింగింది బతుకుతుంది, పక్కదాన్ని రానివ్వనిది ఇంకో రోజు బతుకుతుంది. అలా బతికి బట్టకట్టిన పిల్లని మనం జాలిపడి ఇంటికి తెచ్చుకుంటాం. కడుపునిండా పెడతాం. కానీ కడుపు నిండినంత తొందరగా ఆ భయం తీరదు. అంతకాలం దాన్ని బతికించింది ఆ భయమే కదా.

కొనుక్కొచ్చిన జాతికుక్కల కథ వేరే ఉంటుందనుకుంటాం. కానీ వాటిని అమ్మే కొన్నిచోట్ల పిల్లలన్నిటికీ ఒకే పెద్ద పళ్ళెంలో తిండి పోస్తారు. అక్కడా తోపులాటే. పైగా కొన్నింటికి ఆకలి పుట్టుకతోనే ఎక్కువ. లాబ్రడార్ ఎంత పెట్టినా ఇంకా అడుగుతుందని దాన్ని పెంచేవాళ్ళందరికీ తెలుసు. 2016లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనికి ఒక కారణం చూపించారు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందనీ, అవి తిండి మీద ఎక్కువ యావతో ఉంటాయనీ, బరువు కూడా ఎక్కువ పెరుగుతాయనీ తేల్చారు. "తిండిపోతు" అని మనం తిట్టే కుక్క కొన్నిసార్లు నిజంగానే ఆకలితో ఉంటుందన్నమాట.

ఇక కుక్క ఒంటిని చదవడం గురించి. ఈ విషయంలో కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే కాటుదాకా వచ్చిన చాలా సంఘటనల్లో కుక్క ముందుగా ఎన్నోసార్లు చెప్పి ఉంటుంది. మనం వినిపించుకోలేదు.

కుక్క తింటోంది. మీరు వంటింట్లోంచి వరండాలోకి వస్తున్నారు. మొదట జరిగేది చాలా చిన్న మార్పు. తినడం వేగం పెరుగుతుంది. అప్పటిదాకా నింపాదిగా నమిలింది గుటకలు వేయడం మొదలుపెడుతుంది. ఇంకొంచెం దగ్గరికి వస్తే తినడం ఆపేస్తుంది. తల గిన్నెలోనే ఉంటుంది, ఒళ్ళు మాత్రం కొయ్యబారుతుంది. చూడని వాళ్ళకి అది మర్యాదగా ఆగినట్టు కనిపిస్తుంది. ఆ నిశ్చలత్వమే అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. తల కదపకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పి మిమ్మల్ని చూస్తుంది, అప్పుడు కంటి తెలుపు నెలవంకలా బయటపడుతుంది. తోక బిగుసుకుంటుంది. ఒక్కోసారి తోక ఊగుతుంది కూడా, కానీ ఒళ్ళంతా ఊపుతూ సంబరపడే ఊపు కాదది, తోక చివర మాత్రమే బిర్రుగా కదులుతుంది. తోక ఆడుతోంది కదా అని దగ్గరికి వెళ్ళి కరిపించుకున్న వాళ్ళు ఎందరో. కొన్ని కుక్కలు ఒళ్ళు అడ్డంపెట్టి గిన్నెని మీకు కనపడకుండా చేస్తాయి. కొన్ని ఎముకని నోట కరుచుకుని మంచం కిందికి దూరతాయి. ఇవన్నీ అయ్యాక పెదవి లేస్తుంది. ఆ తర్వాత గుర్రు. దానికీ ఆగకపోతే గాలిలో కొరుకుతుంది, పళ్ళు తగలనివ్వదు. తగలాలనుకుంటే తగిలించగలదు. అదీ హెచ్చరికే. కాటు అన్నిటికంటే చివర.

కాబట్టి గుర్రుమన్న కుక్కని కొట్టకండి. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు. గుర్రుమనడం అంటే "దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది, కరిచేదాకా తేవద్దు" అని బతిమాలుకోవడం. దాన్ని కొడితే, అరిస్తే, చెవి మెలేస్తే అది గుర్రుమనడం మానేయవచ్చు. ఇంట్లోవాళ్ళు "చూశారా, దారిలోకి వచ్చింది" అనుకుంటారు. భయం అలాగే ఉంది, ఇంకా పెరిగింది కూడా, ఎందుకంటే ఇప్పుడు మనిషి దగ్గరికి వస్తే గిన్నె పోవడంతోపాటు దెబ్బ కూడా పడుతుందని దానికి తెలిసింది. పోయింది హెచ్చరిక ఒక్కటే. ఆ కుక్కే కొన్నాళ్ళకి "ఏ చప్పుడూ చేయకుండా హఠాత్తుగా కరిచింది" అనిపించుకుంటుంది. దాని నోరు నొక్కింది మనమే.

మన దగ్గర బాగా చెలామణిలో ఉన్న ఇంకో సలహా గురించి చెప్పాలి. "చిన్నప్పటి నుంచీ అది తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టు, మధ్యలో లాగేసుకో, యజమాని ఎవరో తెలియాలి" అంటారు. చెప్పేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చెబుతారు. దాని వెనకున్న ఆలోచన తోడేళ్ళ నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఉన్న తోడేళ్ళని చూసి, అవి పెత్తనం కోసం ఎప్పుడూ పోట్లాడుకుంటాయని రాశాడు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో పెత్తనం చేసే జంతువుకి పెట్టిన "ఆల్ఫా" అనే మాట లోకమంతా పాకింది, కుక్కల శిక్షణలోకీ వచ్చేసింది. తర్వాత అదే మెక్ అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, 1999లో తన మాట తనే సరిదిద్దుకున్నాడు. అడవిలో తోడేళ్ళ గుంపంటే చాలావరకు ఒక తల్లీ తండ్రీ వాటి పిల్లలూ, అంతే. పెద్దవి పిల్లల్ని పెంచుతాయి, పోట్లాడి పెత్తనం గెలుచుకోవు. ఎక్కడెక్కడివో తెచ్చి బోనులో కుక్కినవి కాబట్టి బాసెల్ తోడేళ్ళు అలా కొట్టుకున్నాయి. తన పాత పుస్తకం ఇక అచ్చువేయవద్దని ఆయన ప్రచురణకర్తల్ని కోరాడు కూడా. శాస్త్రవేత్త వెనక్కి తీసుకున్న మాటని మనం ఇంకా మన వరండాల్లో అమలుచేస్తున్నాం.

గిన్నె లాగేయడం గురించి వేరే పరిశోధన కూడా ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కుక్కల్ని పెంచేవాళ్ళని ఎంతోమందిని అడిగి 2018లో ఫలితాలు ప్రచురించారు. భోజనం మధ్యలో గిన్నె తీసేసే ఇళ్ళలో కుక్కల దూకుడు ఎక్కువగా కనిపించింది. భోజనం మధ్యలో ఇంకాస్త రుచికరమైనది ఏదైనా తెచ్చి గిన్నెలో వేసే ఇళ్ళలో తక్కువగా కనిపించింది. నేను చెప్పబోయే పద్ధతంతా ఈ రెండో దాంట్లోనే ఉంది. గిన్నె దగ్గరికి వచ్చే మనిషి చెయ్యి తీసుకోవడానికి రాదు, వేయడానికి వస్తుంది. కుక్కకి ఈ నమ్మకం కలగాలి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, అది నమ్మేదాకా.

కానీ నేర్పడం మొదలుపెట్టక ముందే ఇల్లు సర్దుకోవాలి. ఈ రోజు నుంచే సర్దుకోవాలి, ఎందుకంటే నేర్పడానికి వారాలు పడుతుంది, కాటుకి ఒక్క క్షణం చాలు. అన్నిటికంటే ముందు పసిపిల్లల సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2007లో పిల్లల్ని కరిచిన కుక్కల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. తెలిసిన పిల్లల్ని కుక్కలు ఎక్కువగా కరిచింది తిండో ఇంకేదో వస్తువో కాపాడుకునే సందర్భంలోనేననీ, ఆరేళ్ళ లోపు పిల్లలకి ఈ ప్రమాదం ఎక్కువనీ అందులో తేలింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పసివాడు పాకుతూ వెళ్ళి కుక్క గిన్నెలో చెయ్యి పెడతాడు. వాడి ముఖం కుక్క ముఖానికి సమానమైన ఎత్తులో ఉంటుంది. కంటి తెలుపు నెలవంకలా కనబడితే ప్రమాదమని వాడికి తెలియదు.

అందుకే కుక్కకి అన్నం పెట్టే చోటు పిల్లలు తిరగని చోటై ఉండాలి. పెరడు ఉంటే పెరట్లో. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలో, తలుపు వేసి. అదీ లేకపోతే ఒక గదిలో, గడియపెట్టి. హాల్లో అందరూ అటూ ఇటూ నడిచే దారి పక్కన పెట్టకండి. అక్కడ ప్రతి అడుగు చప్పుడూ దానికి అనుమానమే. వేళకి పెట్టండి, పెద్ద కుక్కకైతే రోజుకి రెండు పూటలు. తిన్నాక కుక్కని బయటికి పిలిచి, అది గదిలోంచి వచ్చేశాకే ఖాళీ గిన్నె తీయండి. మనం కింద కూర్చుని తింటున్నప్పుడు కుక్కని వేరే గదిలో ఉంచండి. చేతిలో బిస్కట్ పట్టుకుని నడిచే పసివాడినీ, కుక్కనీ ఒకే గదిలో పెద్దవాళ్ళు లేకుండా వదలకండి, ఆ కుక్క ఎంత మంచిదైనా సరే. చుట్టాలు వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. "మా కుక్క ఏమీ చేయదు" అని మనం అంటాం, వచ్చిన పిల్లలు నిజమనుకుంటారు. తింటున్న కుక్క జోలికి వెళ్ళొద్దని మన అమ్మమ్మలు చెప్పేవాళ్ళు. అంతకంటే మంచి నియమం ఎవరూ కనిపెట్టలేదు.

ఇప్పుడు నేర్పే పద్ధతి. ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో ఏడాది వయసున్న కుక్క ఉంది, పేరు బుజ్జి అనుకుందాం. ఎవరినీ ఇంకా కరవలేదు. గిన్నె దగ్గరికి వస్తే మాత్రం గుర్రుమంటుంది. దానికి రోజూ పెట్టే మామూలు తిండే గిన్నెలో పెట్టండి, అన్నమైనా పెడిగ్రీ గింజలైనా. మీ చేతిలో మాత్రం దానికి ప్రాణంలాంటిది ఏదైనా ఉండాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్కలు, లేదా ఉడికించిన గుడ్డు. శాకాహారుల ఇల్లయితే పనీర్ ముక్కలు. చిలగడదుంప చాలా కుక్కలకి ఇష్టమే. గోలీకాయంత ముక్కలు చాలు. గిన్నెలో ఉన్నదానికంటే చేతిలో ఉన్నది ఎంతో గొప్పదై ఉండాలి, ఇది మరిచిపోవద్దు.

బుజ్జి తింటుంటే దూరంగా నిలబడండి. ఎంత దూరంలో ఉంటే అది మిమ్మల్ని పట్టించుకోకుండా, వేగం పెంచకుండా, ఒళ్ళు బిగించకుండా తింటుందో అదే మీరు మొదలుపెట్టాల్సిన దూరం. ఎనిమిది అడుగులు కావచ్చు, గుమ్మం అవతల కావచ్చు. అక్కడి నుంచి ఒక ముక్క గిన్నె పక్కన పడేలా విసిరి, వెనుదిరిగి వెళ్ళిపోండి. ఆ వెళ్ళిపోవడం ముఖ్యం. ఇవ్వడానికి వచ్చారు, ఇచ్చారు, వెళ్ళారు. మాట్లాడొద్దు, నిమరొద్దు, కళ్ళలోకి చూస్తూ నిలబడొద్దు. కాసేపాగి మళ్ళీ రండి, మళ్ళీ ఒక ముక్క. ఒక భోజనంలో ఐదారుసార్లు చాలు.

కొన్ని రోజులకి ఒక మార్పు కనిపిస్తుంది. మీ అడుగుల చప్పుడు వినగానే బుజ్జి గిన్నెలోంచి తల ఎత్తి, నోరు కొంచెం తెరిచి, ఒళ్ళు వదులుగా, తోక ఊపుతూ మీకోసం చూస్తుంది. నిన్నటిదాకా అదే చప్పుడుకి బిగుసుకుపోయిన కుక్క అది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కల గురించి మీరు విని ఉంటారు. ఆయనకి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ ప్రయోగశాలలో కుక్కలకి తిండి పెట్టే మనిషి వస్తున్న అలికిడికే, తిండి నోటికి అందకముందే, లాలాజలం ఊరడం ఆయన గమనించాడు. మనం చేస్తున్నదీ అదే. అడుగుల చప్పుడుకి ఉన్న పాత అర్థం తుడిచి కొత్త అర్థం రాస్తున్నాం.

బుజ్జి అలా ఎదురుచూడటం మొదలుపెట్టాకే ఒక్క అడుగు దగ్గరికి జరగండి. ఒక్కటే. అక్కడ మళ్ళీ కొన్ని రోజులు. ఏ రోజైనా ఒళ్ళు బిగించిందా, మీరు తొందరపడ్డారని అర్థం, రెండడుగులు వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి మొదలుపెట్టండి. నిన్న బాగా ఉంది కదా అని ఈ రోజు అమాంతం గిన్నె పక్కకి వెళ్ళే వాళ్ళే పని చెడగొట్టుకుంటారు. పక్కకి చేరడానికి కొన్ని కుక్కలకి రెండు వారాలు పడుతుంది, కొన్నిటికి రెండు నెలలు. పక్కకి చేరాక నడుస్తూ వెళ్ళి ముక్కని గిన్నెలోనే జారవిడిచి ముందుకు సాగిపోవాలి. ఆ తర్వాత కొంచెం వంగి వేయాలి. వంగడం కుక్కకి పెద్ద విషయం. మీద పడుతున్నట్టు ఉంటుంది. కాబట్టి వంగడం కొత్తగా మొదలుపెట్టిన రోజున మళ్ళీ కాస్త దూరం నుంచే మొదలుపెట్టండి.

ఒకరి విషయంలో భయం పోయినంత మాత్రాన ఇంకొకరి విషయంలో పోదు. అమ్మ వస్తే తోక ఊపే కుక్క నాన్న వస్తే గుర్రుమనవచ్చు. కాబట్టి ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ దూరం నుంచి మొదలుపెట్టి ఇదే దారిలో రావాలి. పనిమనిషి రోజూ వరండా తుడుస్తుంటే ఆమెకీ ఈ సంగతి చెప్పాలి. అందరికంటే ఎక్కువగా గిన్నె దగ్గరికి వెళ్ళేది ఆమే కావచ్చు. పిల్లల్ని మాత్రం ఈ పనిలోకి దింపకండి. పదేళ్ళు దాటి, మాట వినే పిల్లలైతే, అన్నీ కుదిరాక, పెద్దవాళ్ళ పక్కన నిలబడి దూరం నుంచి ముక్క విసరవచ్చు. అంతకంటే చిన్నవాళ్ళు వద్దు.

ఇంకో దారి కూడా ఉంది, కొందరికి ఇదే తేలిక. నిండు గిన్నె పెట్టకుండా ఖాళీ గిన్నె పెట్టండి. కుక్క దాన్ని చూసి, తర్వాత మిమ్మల్ని చూస్తుంది. గుప్పెడు వేయండి. తిన్నాక మళ్ళీ చూస్తుంది. మళ్ళీ గుప్పెడు. భోజనం మొత్తం ఇలా విడతలుగా పెడితే కాపాడుకోవడానికి గిన్నెలో ఏమీ ఉండదు, మీరు రావడమే దానికి పండగ అవుతుంది.

ఎముకల గురించి విడిగా చెప్పాలి. అన్నం దగ్గర ఏమీ అనని కుక్కలు కూడా ఎముక దగ్గర మారిపోతాయి. ఆదివారం మాంసం వండుకున్న ఇళ్ళలో ఇది మామూలే. అసలు వండిన ఎముకలు కుక్కకి పెట్టడమే ప్రమాదం. కోడి ఎముక ఉడికాక పెళుసుగా చీలుతుంది, ఆ చీలికలు గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఎముకలు మానేస్తే సగం గొడవ దానంతటదే తగ్గుతుంది. కానీ వీధిలో నడిపిస్తున్నప్పుడు బిర్యానీ పొట్లంలోంచి ఎముక అందుకుంటే? ఇంట్లో కిస్మిస్ పొట్లమో చాక్లెట్ బిళ్ళో నోట కరుచుకుని మంచం కిందికి దూరితే? కిస్మిస్, చాక్లెట్ రెండూ కుక్కకి విషమే, చూస్తూ ఊరుకోలేం.

అందుకే "ఇచ్చి పుచ్చుకోవడం" ముందే నేర్పి ఉంచాలి. దానికి పెద్దగా పట్టింపులేని బొమ్మతో మొదలుపెట్టండి. నోట్లో బొమ్మ ఉన్నప్పుడు ముక్కు దగ్గర మాంసం ముక్క చూపించి "వదులు" అనండి. బొమ్మ వదిలి ముక్క తింటుంది. బొమ్మ తీసుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బొమ్మని దానికే ఇచ్చేయండి. తీసుకున్నది తిరిగి వస్తుందని దానికి తెలిస్తే వదలడానికి భయం ఉండదు. నెమ్మదిగా దానికి ఇంకా ఇష్టమైన వస్తువులతో ఇదే ఆట ఆడండి. ఇంకా నేర్పకముందే విషం లాంటిది నోట కరుచుకుంటే, కుక్క మీదికి వెళ్ళొద్దు, మెడపట్టీ పట్టుకుని మంచం కింద నుంచి లాగొద్దు. ఇంటికి ఇంకో మూల గుప్పెడు మాంసం ముక్కలు వెదజల్లండి. లేదా దాని గొలుసు తీసి చప్పుడు చేస్తూ గుమ్మం దగ్గరికి నడవండి. అది వదిలేసి అటు రాగానే తలుపు వేసేయండి. చెప్పు ఎత్తుకుపోయిన కుక్క వెంట ఇల్లంతా పరుగెత్తడం కూడా ఇందుకే మంచిది కాదు. పాత చెప్పు కాస్తా వజ్రమైపోతుంది.

రెండు కుక్కలుంటే పద్ధతి చిన్నదే. వేరువేరు గదుల్లో పెట్టండి, మధ్యలో తలుపు వేయండి. వాటికవే తేల్చుకుంటాయి అని వదిలేయకండి.

కొన్నిసార్లు అసలు కారణం ఒంట్లో ఉంటుంది. ఎప్పుడూ లేనిది, ఆరేడేళ్ళ కుక్క హఠాత్తుగా తిండి దగ్గర కోపిష్టి అయిందంటే ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. పన్ను పుచ్చి ఉండవచ్చు, చిగురు వాచి ఉండవచ్చు, చెవిలో చీము ఉండవచ్చు. నొప్పితో తింటున్న కుక్కకి దగ్గరికొచ్చే ప్రతి చెయ్యీ భయమే. కడుపులో పాములుంటే తిన్నది ఒంటికి పట్టదు. దురదకి స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆకలీ దాహమూ విపరీతంగా పెరుగుతాయి, మూర్ఛకి ఇచ్చే ఫినోబార్బిటోన్ కూడా అంతే. ఈ మందులు వాడుతున్న కుక్క గుర్రుమంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. మన ఇళ్ళలో ఇంకో లోపం కూడా చూస్తుంటాను. కుక్కకి ఉత్త పెరుగన్నమే ఏళ్ళ తరబడి పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ దానికి మాంసకృత్తులు కావాలి. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఇంకా అడుగుతూనే ఉంటుంది.

ఇక కరిచిందనుకోండి. పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని ఊరుకోవద్దు. గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద పెట్టి సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, 15 నిమిషాలు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువసేపు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు, ఏదీ పెట్టొద్దు. కట్టు బిగించొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేయించుకోవాలి. రక్తం వచ్చేలా పన్ను దిగితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, అది అడిగి వేయించుకోండి. కుక్కని పది రోజులు కనిపెట్టి ఉండాలి, కానీ ఆ పది రోజులూ అయ్యాక చూద్దామని టీకా ఆపకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు. కరిచిన వెంటనే టీకాలు పూర్తిగా వేయించుకున్నవాళ్ళకి ఆ ప్రమాదం దాదాపు ఉండదు.

ఇప్పటికే పన్ను దిగేలా కరిచిన కుక్క విషయంలో నేను చెప్పిన పద్ధతిని మీ అంతట మీరు మొదలుపెట్టకండి. తిండి పెట్టే చోటికీ మీకూ మధ్య గ్రిల్లో తలుపో ఉండాలి, పక్కన ఈ పని తెలిసినవాళ్ళు ఉండాలి. మొదట పశువైద్యుణ్ణి అడగండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకి అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. కుక్కకి శిక్షణ ఇస్తామని వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "మా కుక్క గుర్రుమంటే మీరేం చేస్తారు?" కొడతానన్నా, మెడకి ముళ్ళగొలుసు వేస్తానన్నా, కరెంటు పట్టీ పెడతానన్నా గేటు దగ్గర నుంచే పంపించేయండి.

చివరగా, చెప్పడానికి కష్టమైన విషయం ఒకటుంది. కొన్ని ఇళ్ళలో అన్నీ చేసినా కుదరదు. ఇల్లు ఇరుకు, పాకే పసివాడు ఉన్నాడు, కుక్క ఒకసారి కరిచింది. ఆ కుటుంబం కుక్కని ఇవ్వాలనుకుంటే నేను తప్పుపట్టను. పిల్లలు లేని ఇంట్లో, నింపాదిగా ఉండే పెద్దవాళ్ళ దగ్గర అదే కుక్క హాయిగా బతకవచ్చు. కానీ కారులో ఎక్కించి పక్క ఊరి పొలిమేరలో దింపేసి రావద్దు. ఇంటి తిండికి అలవాటుపడ్డ కుక్క వీధి కుక్కల మధ్య ఒక్క వారం నిలవడం కష్టం. ఆ ఊళ్ళోనూ పసిపిల్లలు ఉంటారు. ఇచ్చేటప్పుడు నిజం దాచకుండా ఇవ్వండి. గిన్నె దగ్గర గుర్రుమంటుంది, ఫలానా రోజున కరిచింది, ఇంత దూరంలో ఉంటే ఏమీ అనదు, దీనికి ఫలానాది ఇష్టం అని కాగితం మీద రాసి, టీకాల పుస్తకంతోపాటు చేతిలో పెట్టండి. తీసుకునేవాళ్ళు అది చదివి వద్దంటే బాధపడకండి, ఇంకొకరి కోసం చూడండి. చదివి కూడా తీసుకునేవాళ్ళే దానికి కావలసినవాళ్ళు.